ఇంటిల్లిపాదీ చేయించుకున్న నా కౌన్సెలింగ్

నేను బీమా ఏజెంటును. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను దూరం నుంచి చూసి పక్క సందులోకి తిరిగే మనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఇంటి ముందు హాయిగా చాయ్ తాగుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి, "అంత మంచిగనే ఉన్నది అన్నా, రేపు ఏమన్న అయితే?" అని అడగడమే నా బతుకుదెరువు. ఆ మాటతో అతని నోట్లో చాయ్ చేదెక్కాలి. అప్పుడు నేను సంచీలోంచి కాగితాలు తీయాలి.

ఉద్యోగం వల్లనే నాకు ఆ ప్రశ్న అంటుకుందని మా ఆవిడ చుట్టాలకు చెప్తుంది. అది నా పరువు కాపాడటానికి చెప్పే మాట. నిజానికి ప్రశ్న ముందు పుట్టింది, ఉద్యోగం తర్వాత వచ్చింది. ఇంటికి తాళం వేసి సందు చివరిదాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశామా అని వెనక్కి వస్తాను. చూసి, మళ్ళీ సందు చివరిదాకా వెళ్ళి, ఈసారి తాళం వేశానా అని వెనక్కి వస్తాను. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు నేను వాకింగ్ చేస్తున్నాననుకునేవారు. నిజాంసాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చెప్తే, ఆ నీళ్ళు మా ఇంటిదాకా రావాలంటే నేల తిరగబడాలని తెలిసి కూడా బియ్యం డబ్బాను అటక ఎక్కిస్తాను. దాన్ని మళ్ళీ దించే పని మా ఆవిడది.

ఇదంతా ఇంట్లో నవ్వులాటగానే నడిచింది, మా బిడ్డకు కామారెడ్డిలో నర్సింగ్ సీటు వచ్చేదాకా. నర్సింగ్ అంటే దవాఖానలో డ్యూటీలు ఉంటాయి కాబట్టి హాస్టల్లో ఉండక తప్పదు. ఎల్లారెడ్డిలో బస్సెక్కితే ఒక కునుకు తీసేలోపు కామారెడ్డిలో దిగొచ్చు. ఆ కాస్త దూరాన్ని నేను దుబాయ్ కంటే దూరం చేసి పెట్టాను. దారిలో అడవి, మలుపులు, బస్సు బ్రేకులు, హాస్టల్ గోడ, కరెంటు వైర్లు, తాగే నీళ్ళు, అన్నీ ఒక్కొక్కటిగా దాని ముందు పరిచాను. పాలసీ తీసుకునేవాళ్ళకు కూడా అంత శ్రద్ధగా చెప్పను. అది అంతా విని, కొట్లాడకుండా, "నేను పోను తీ బాపు. ఈడనే డిగ్రీల చేరుత. నువ్వు ఈడ గిట్ల పరేషాన్ అయితుంటే నాకు ఆడ చదువు ఎక్కది" అంది.

కొట్లాడినా బాగుండేది. నేను కోరుకున్నదే జరిగింది, బిడ్డ ఇంట్లోనే ఉంటానంది. సంతోషించాల్సింది పోయి, ఆ వారంలోనే నా ఛాతీ పట్టేసి ఊపిరి ఆడలేదు.

మా ఆవిడ నన్ను కామారెడ్డి దవాఖానకు తీసుకెళ్ళింది. గుండె పరీక్షలన్నీ చేశారు. గుండె బ్రహ్మాండంగా ఉందట. అది విని కొంచెం చిన్నబోయాను, అన్నాళ్ళుగా దాని మీదే అనుమానం పెట్టుకున్నాను మరి. అక్కడి డాక్టరు నన్ను మానసిక వైద్యుడి గదికి పంపితే, ఆయన నా మాటలు ఓపికగా విని, దీన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారన్నాడు. ఏదో ఒక దాని గురించి కాకుండా అన్నిటి గురించీ, ఆగకుండా ఆందోళన పడే జబ్బు. తిరుగు బస్సులో మా ఆవిడ, "గింత పెద్ద పేరున్నదా దీనికి. మేము ఉత్తగ ఫికర్ అనుకున్నం" అంది. ఆ గొంతులో కాస్త గౌరవం కూడా వినబడింది.

మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా చేయించుకోమన్నాడు డాక్టరు. హైదరాబాదులో ఒక మేడం ఉన్నారట, వారానికోసారి ఫోన్‌లోనే వీడియోలో మాట్లాడతారట. బిడ్డ కాలేజీలో చేరే గడువుకు ఇంకా కొన్ని వారాలున్నాయి. మా ఆవిడ ఆ రెండింటినీ ముడిపెట్టింది. "నువ్వు మంచిగైతే పిల్ల పోతది. లేకుంటే దాని సీటు ఇంకెవరికో పోతది. ఇగ నీ ఇష్టం" అంది.

మా ఇళ్ళలో వీడియో కాల్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా తమ్ముడు దుబాయ్‌లో పని చేస్తాడు. మా దిక్కు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు ఆ దేశాల్లో ఉంటారు, వాళ్ళు సెలవు రోజున వీడియోలో కనిపిస్తారు. ఆ ఫోన్ ఏ ఒక్కరిదీ కాదు. చాప వేస్తాం, నీళ్ళ చెంబుకు ఫోన్ ఆనిస్తాం, అందరం దాని ముందు కూర్చుంటాం. వెనక వరస పక్కింటివాళ్ళది. ఎవరి వంతు వచ్చినా అడిగేది ఒకటే, తిన్నవా, ఏం కూర. తెర మీద మనిషి ఉండగా లేచిపోవడం మర్యాద కాదు. ఫోన్ పట్టుకుని ఒక్కడే బయటికి నడిచాడంటే వాడేదో దాస్తున్నాడని లెక్క.

ఆదివారం పొద్దున మేడం ఫోన్ వచ్చేసరికి చాప వేసి ఉంది. చెంబు తోమి ఉంది. మా అమ్మ, నేను అవ్వ అని పిలుస్తాను, కొంగుతో ముఖం తుడుచుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన మా ఆవిడ, గడపలో మా బిడ్డ. పక్కింటామె కూడా వచ్చి, "దుబాయా?" అని అడిగి, కాదంటే నిరాశపడి, అయినా కూర్చుంది.

మేడం మా బిడ్డ కంటే కొంచెం పెద్దదేమో. "నమస్కారమండి. మీరు ఒంటరిగా, ఇబ్బంది లేని చోట ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నానండి" అన్నాను. అప్పటికే అవ్వ మోచేయి తెరలో సగం ఆక్రమించింది.

"తిన్నవా బిడ్డ?" అంది అవ్వ.

"ఆఁ, తిన్నానండి అమ్మా."

"ఏం కూర?"

మేడం చదివిన చదువులో ఈ ప్రశ్న లేనట్టుంది. అయినా నూడుల్స్ అని చెప్పింది. అవ్వ పెదవి విరిచి, "గదేం తిండి బిడ్డ, జర అన్నం తినాలె" అంది. పక్కింటామె కూడా అవునంది.

తర్వాత మేడం, "మిమ్మల్ని ఏయే విషయాలు ఆందోళన పెడతాయో చెప్తారా?" అని నన్ను అడిగింది. నేను గొంతు సవరించుకునేలోపు మా ఆవిడ గ్యాస్ నుంచి మొదలుపెట్టింది. అవ్వ తాళం అందుకుంది. బియ్యం డబ్బా, తమ్ముడు ఎక్కే లిఫ్టు, నేను చిన్నప్పుడు బడికి పోతూ మూడుసార్లు వెనక్కి వచ్చి అవ్వ బతికే ఉందా అని చూసుకున్న సంగతి, అన్నీ వచ్చాయి. పక్కింటామె నేను వాళ్ళ గోడకు పగులు చూపించి వాళ్ళాయన కంటికి కునుకు లేకుండా చేసిన ముచ్చట చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా జబ్బు నేను చెప్పుకునే భాగ్యం కూడా ఈ ఇంట్లో నాకు లేదు. మేడం మాత్రం అన్నీ శ్రద్ధగా విని, వచ్చేసారికి ఎవరూ లేని చోటు చూసుకోమని మెల్లగా చెప్పింది.

ఎల్లారెడ్డిలో ఎవరూ లేని చోటు, పైగా సిగ్నల్ ఉన్న చోటు, మా డాబా పైకప్పు ఒక్కటే. అక్కడ మనుషులుండరు గానీ కోతులుంటాయి. రెండో ఆదివారం నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను. కళ్ళు మూసుకోమంది మేడం. ఒక వాగు పారుతోందని ఊహించుకోవాలి. వచ్చిన ప్రతి ఆలోచననూ ఒక ఆకు మీద పెట్టి నీళ్ళలో వదలాలి. ఆపకూడదు, తోయకూడదు, పోతుంటే చూడాలి అంతే. నాకు తెలిసిన నీళ్ళు నిజాంసాగర్ కాలువవి. ఆకు వదిలాను. కాలువలో బర్రెలు దిగాయి. బర్రెల వెనక వాటిని కాసే మనిషి దిగాడు. అతనికి ఈత వచ్చో రాదో. పైన ఎవరైనా చెప్పకుండా తూము ఎత్తితే ఏం గతి. నేను ఆ మనిషిని గట్టుకు లాగే ప్రయత్నంలో ఉండగా నా ముక్కు మీద ఏదో వెచ్చగా తగిలింది. కళ్ళు తెరిచేసరికి నా కళ్ళజోడు ట్యాంకు మీద కోతి చేతిలో ఉంది.

"ఇప్పుడు మీకేమనిపిస్తోందండి?" అంది మేడం, సంగతి తెలియక.

"కోతిని చంపాలనిపిస్తుందండి."

ఆమె, "సరే. ఆ కోపం ఒంట్లో ఎక్కడుందో గమనించండి" అంది. అది నా కుడి చేతిలో, చెప్పు పట్టుకున్న చోట ఉంది. కళ్ళజోడు మాత్రం ఒక అద్దంతో దొరికింది.

దాంతో డాబా పని అయిపోయింది. మళ్ళీ చాప మీదికే వచ్చాను. మీకు అభ్యంతరం లేకపోతే ఇంటివాళ్ళనూ కూర్చోనివ్వండి, కానీ నేను అడిగింది మీరే చెప్పాలి అని మేడం షరతు పెట్టింది. పక్కింటామెను మా ఆవిడ ఏదో చెప్పి ఆపింది. అవ్వ షరతుకు ఒప్పుకుంది, పాటించలేదు.

ఆ ఆదివారం మేడం చెప్పింది నాకు అస్సలు నచ్చలేదు. ఆందోళన పోగొట్టడం ఈ కౌన్సెలింగ్ ఉద్దేశం కాదట. నేను ఇన్నాళ్ళు దాన్ని తరమాలని చూశాను, అది ఇంకా గట్టిగా వచ్చింది. కాబట్టి ఇక తరమొద్దట. వచ్చిందని ఒప్పుకుని, దాన్ని ఉండనిచ్చి, నాకు ముఖ్యమైన పని నేను చేసుకుపోవాలట. "పోగొట్టనప్పుడు మీరెందుకండి మరి?" అని అడిగేశాను. మా ఆవిడ నా తొడ గిల్లింది.

మేడం నొచ్చుకోలేదు. "పిలవకుండా వచ్చిన చుట్టం అనుకోండి. ఆ చుట్టం మీకు ఇష్టం కానక్కర్లేదు. గుమ్మంలో నిలబడి పోట్లాడుతూ ఉంటే మీ పనంతా ఆగిపోతుంది కదా" అంది.

"అంటే బీర్కూరు ఆడిబిడ్డ" అంది అవ్వ వెంటనే.

మా నాన్న చెల్లెలు, బీర్కూరులో ఉండే మా మేనత్త, చెప్పాపెట్టకుండా సంచీతో దిగుతుంది. చెప్పు విడవకముందే ఎవరికి పక్షవాతం వచ్చింది, ఎవరి ఇల్లు కాలింది, మా ఇంట్లో రేపు ఏం జరగబోతుంది, అన్నీ మొదలుపెడుతుంది. మా నాన్న బతికున్నప్పుడు ఆమెతో పొద్దంతా వాదించేవాడు, ఆమె ఇంకో వారం ఉండేది. అవ్వ ఎప్పుడూ వాదించలేదు. పీట వేసి, చాయ్ పోసి, ఆఁ ఆఁ అంటూ పప్పు తాలింపు పెట్టుకునేది. అత్త చెప్పినన్ని చెప్పి, ఎప్పుడో ఒకప్పుడు బస్సెక్కేది. మేడంకు ఇదంతా అవ్వే వివరించింది. మేడం నవ్వు ఆపుకోలేక తెర పక్కకు జరిగింది.

అప్పటి నుంచి మా ఇంట్లో నా జబ్బు పెద్ద పేరు పోయి బీర్కూరు అత్త అయింది. నేను తాళం దగ్గర నిలబడితే, "అత్త వచ్చిందా?" అని మా ఆవిడ. వచ్చిందంటే, "చాయ్ పోసి నీ పని జూసుకో." మొదట్లో చిరాకేసేది. ఒకరోజు సందు చివర నిలబడి, అత్త గ్యాస్ సంగతి చెప్తూనే ఉండగా, వెనక్కి తిరగకుండా లింగంపేట బస్సెక్కాను. దారంతా చెమటలు. అత్త నా పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది. అయినా లింగంపేటలో నా పని చేసుకుని వచ్చాను. ఆ రోజు పాలసీ మాత్రం కుదరలేదు, నేను సరిగ్గా భయపెట్టలేకపోయాను. నిజమైన అత్తకు ఈ పేరు సంగతి ఇప్పటికీ తెలియదు, తెలిస్తే నాకు అసలైన భయం పట్టుకుంటుంది.

గడువు దగ్గరపడుతుండగా ఒక ఆదివారం మేడం నన్ను, "మీ జీవితంలో మీకు ముఖ్యమైనది ఏమిటి?" అని అడిగింది.

"నా బిడ్డకు ఏం కావొద్దండి."

"అది మీ భయం అడుగుతున్నది. మీ బిడ్డ విషయంలో మీరేం కోరుకుంటున్నారు?"

నేను బిడ్డ వైపు చూశాను. అవ్వ ఈసారి నా బదులు జవాబు చెప్పలేదు, అది ఆ చాప మీద అంతకుముందు జరగలేదు. బిడ్డ గడపలో గోరు కొరుక్కుంటూ నిలబడి ఉంది. అది ఎక్కడికి వెళ్ళినా నాకు ఫోన్ చేసేది, చేయకపోతే నేను ఊరుకోను కాబట్టి. చేరినవా, ఆటోనా బస్సా, ఎంతమంది ఉండిరి. ఆఁ, ఆఁ, పెట్టేస్తున్న బాపు. అంతే మా ముచ్చట. అవతల వాళ్ళమ్మతో గంటలు నవ్వుకుంటూ చెప్పేది. నేను గదిలోకి వస్తే ఆపేసేది, నేను వింటే దేనికి భయపడతానో అని.

"అది నాతోని ముచ్చట పెట్టాలె" అన్నాను. మేడంతో మాట్లాడేటప్పుడు పెట్టుకునే అండీ గిండీ ఆ మాటలో రాలేదు. నాకు ఏడుపొచ్చింది. చెంబు ముందు, అందరి ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అవ్వ కొంగు ఇచ్చింది. గడపలోంచి బిడ్డ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అటక మీది నుంచి పెట్టె దింపుతున్న చప్పుడు వినిపించింది.

చేర్చే రోజు నేనే తీసుకెళ్ళాను. కొత్త బకెట్టు, దాంట్లో పచ్చడి సీసాలు, పరుపు చుట్ట. అడవి మలుపుల్లో డ్రైవర్ ఫోన్ మాట్లాడాడు. నేను చూశాను, నేను చూడటం బిడ్డ చూసింది, ఇద్దరం ఏమీ అనలేదు. హాస్టల్ గదిలో దాని మంచం సరిగ్గా ఫ్యాను కింద పడింది. ఆ ఫ్యాను తిరిగితే దాని కొక్కెం కూడా ఊగుతోంది.

"బాపు, ఫ్యాన్ జూస్తున్నవ్ గదా."

"చూస్తున్న."

"ఏమనవా?"

"అంటే అది ఊగుడు ఆపుతదా? మంచం జర గోడ దిక్కు జరుపుకో, కిటికీ గాలొస్తది."

అది నవ్వి మంచం జరిపింది. వార్డెన్ నంబరు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అడగకుండానే గేటు దాటాను.  బస్టాండు దాకా నడిచాను, ఎందుకంటే ఆటో ఎక్కితే ఇట్నుంచి ఇటే వెనక్కి తిప్పమంటానని నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక అసలు తమాషా మొదలైంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు అవ్వ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. "పిల్ల తిన్నదో లేదో" అంది. కాసేపటికి మా ఆవిడ, "ఆడ నీళ్ళు పడ్తయో లేదో" అంది. అవ్వ, "గా ఫ్యాన్ ఊగుతుందంటివి గదరా" అంది. ఇద్దరూ వచ్చి నా ముందు కూర్చున్నారు.

"నువ్వు ఓపాలి ఫోన్ చెయ్యరాదు?" అంది మా ఆవిడ.

"నువ్వే చెయ్యి."

"మేము చేస్తే ఏమన్న అనుకుంటది. నువ్వు చేస్తే ఏమనుకోదు, నీకు అలవాటే గదా."

అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ ఈ ఇంటి భయాలన్నీ నా నెత్తిన పెట్టి వీళ్ళు హాయిగా తిని తిరిగారు. నేను ముందే తాళం చూస్తాను కాబట్టి వాళ్ళు చూడక్కర్లేదు. నేను ముందే ఫోన్ చేస్తాను కాబట్టి వాళ్ళు నవ్వుతూ కూర్చోవచ్చు. పైగా జబ్బు నాకు, మందులు నాకు, పక్కింటామె ముందు పరువు పోయింది నాది. గట్టిగానే కోప్పడ్డాను. "ఎవరి ఫికర్ వాళ్ళు పడుండ్రి. నా కోటా నాకు సరిపోతది" అన్నాను. అవ్వ నా ముఖంలోకి చూసి, "గట్లంటే ఎట్లరా, మాకు రాదాయె" అంది. ముగ్గురం ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరూ చేయలేదు.

ఫోన్ మోగింది. వీడియో. మా ఆవిడ ఉరికి చెంబు తెచ్చింది. తెర మీద బిడ్డ ముఖం చిన్నగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్నవా, నీళ్ళొస్తున్నయా, మంచం జరిపినవా, అవ్వా మా ఆవిడా ఒకేసారి అందుకున్నారు. అది అన్నిటికీ ఆఁ అంది. తర్వాత, "బాపుకు ఇయ్యుండ్రి" అంది.

ఇంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదు. ఫోన్ పట్టుకుని, మా ఇంట్లో ఎవరూ చేయని పని చేశాను, ఒక్కడినే బయటికి నడిచి గేటు పక్కన నిలబడ్డాను. వెనక నుంచి అవ్వ, "ఏం దాస్తుండ్రు?" అంటోంది.

"చెప్పు బిడ్డ."

  "బాపు, నాకు భయమైతుంది. అమ్మకు చెప్పకు."

నా ఒళ్ళంతా ఒకటే మాట మీద లేచి నిలబడింది. ఆఖరి బస్సు ఇంకా పోలేదు, వస్తున్నా, పెట్టె సర్దుకో. ఆ మాట నోట్లోకి వచ్చేసింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది, ఏం కాదు, భయమెందుకు అని. నాకు నలభై ఏళ్ళుగా అందరూ చెప్పిన మాట అదే, ఏనాడూ పనిచేయలేదు.

"నాకు గూడ అయితుంది" అన్నాను.

అది ముక్కు తుడుచుకుని నన్ను చూసింది.

"బీర్కూరు అత్త వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. మంచం మీదనే కూసున్నది."

"నాతాన గూడ ఉన్నది. ఉండనీ. తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"దొండకాయ బాపు. అన్ని నీళ్ళే." అని, కళ్ళు తుడుచుకుంటూ, వండిన మనిషి ఎలా విసుక్కుందో, పక్క మంచం బాన్సువాడ అమ్మాయి కంచంలో నీళ్ళు ఎలా ఒంపేసిందో, వార్డెన్ ఎలా నడుస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. అది చెప్తూనే ఉంది. నేను గేటుకు ఆనుకుని, మధ్యలో ఏమీ అడగకుండా విన్నాను.